ఒక్క ఈసీజీతో తేలని గుండెపోటు

ఛాతీ నొప్పితో క్యాజువాల్టీకి వచ్చిన మనిషికి ముందుగా ఈసీజీ తీస్తారు. కాగితం మీద తేడా ఏమీ కనిపించకపోతే “ఈసీజీ నార్మలే, గ్యాస్ అయ్యుంటుంది” అని ఒక మాత్ర ఇచ్చి పంపేస్తారు. వెంట వచ్చినవాళ్లకు గుండెల మీంచి బరువు దిగుతుంది. ఎక్కువమంది విషయంలో ఆ మాట నిజమే అవుతుంది. కాకపోయినప్పుడు జరిగే నష్టాన్ని మాత్రం పూడ్చలేం.

అలా కాకపోవడం అరుదేమీ కాదు. అమెరికా జాతీయ గుండెపోటు రిజిస్ట్రీలో నమోదైన 3,91,208 మంది రోగుల వివరాలను వెల్చ్ బృందం 2001లో ప్రచురించింది. వీళ్లందరికీ గుండెపోటు వచ్చిందని చివరకు రుజువైంది. కానీ మొదటి ఈసీజీలో అది స్పష్టంగా కనిపించింది 57 శాతం మందికే. 35 శాతం మందికి ఇదీ అని చెప్పలేని చిన్న మార్పులు మాత్రమే ఉన్నాయి. దాదాపు 8 శాతం మందికి ఈసీజీ పూర్తిగా మామూలుగా ఉంది. అలా మామూలుగా ఉన్నవారిలో కూడా 5.7 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు.

కాబట్టి మొదటి ఈసీజీ మామూలుగా ఉంటే గుండె బాగుందని తేల్చేయడానికి వీల్లేదు. ఆ నిమిషానికి ఏమీ కనబడలేదన్నంతవరకే దాని సాక్ష్యం. నొప్పి ఉన్నంతసేపూ, అనుమానం తీరేదాకా, పావుగంటకో అరగంటకో మళ్లీ మళ్లీ ఈసీజీ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. గుండెపోటును త్వరగా పట్టుకునే మార్గాల్లో ఇంత చౌకైనది, ఇంత అందుబాటులో ఉన్నది మరొకటి లేదు. ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, దానికి ఆధారాలేమిటి, దాని హద్దులేమిటి, మన దగ్గర అది ఎందుకు అలవాటు కావాలి అన్నవే ఈ వ్యాసంలోని అంశాలు.

వందేళ్ల కిందటే గమనించారు

నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ ఇరవయ్యో శతాబ్ది మొదట్లోనే గుండె విద్యుత్తును నమోదు చేసే యంత్రాన్ని తయారుచేశాడు. ఆ కృషికి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే గుండెపోటుకూ ఆ గీతలకూ ఉన్న సంబంధం వెంటనే తెలియలేదు. గుండె రక్తనాళంలో గడ్డ కట్టిన ప్రతి మనిషీ అక్కడికక్కడే చనిపోడనీ, బతికి ఉన్నవారిలో ఆ జబ్బును గుర్తించవచ్చనీ షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లో రాశాడు. 1920లో న్యూయార్క్ వైద్యుడు హెరాల్డ్ పార్డీ, నొప్పి మొదలైన నాలుగు గంటలకు ఒక రోగికి ఈసీజీ తీసి, ఆ తర్వాత కూడా తీస్తూ వెళ్లాడు. మొదట ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచి ఉండటం, ఆపైన అది దిగుతూ ఆకారం మారడం ఆయన గమనించాడు. అంటే గుండెపోటు ఈసీజీ గురించిన తొలి పాఠమే వరుసగా తీసిన ఈసీజీలనుంచి వచ్చింది.

1930లలో ఫ్రాంక్ విల్సన్ కృషితో గుండెను ఒక్కో కోణం నుంచి చూసే ఛాతీ లీడ్లు, 1942లో గోల్డ్‌బెర్గర్ లీడ్లు తోడై నేటి పన్నెండు లీడ్ల ఈసీజీ రూపుదిద్దుకుంది. అప్పట్లో గుండెపోటు అని తెలిసినా పడక విశ్రాంతి తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. రోగ నిర్ధారణ గంట ముందైనా, గంట తర్వాతైనా ఫలితం మారేది కాదు. 1986లో ఇటలీలో జరిగిన గిస్సీ పరిశోధన, 1988లో ఐసిస్-2 పరిశోధన ఆ స్థితిని మార్చేశాయి. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ప్రాణాలు కాపాడుతుందని, ఎంత త్వరగా ఇస్తే అంత ఎక్కువ మందిని కాపాడుతుందని తేలింది. తర్వాత మూసుకున్న నాళాన్ని బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీ వచ్చింది. ఆనాటినుంచి గుండెపోటు వైద్యంలో నిమిషాలకు విలువ వచ్చింది. ఆ నిమిషాల లెక్క మొదలయ్యేది ఈసీజీలో మార్పు కనిపించిన క్షణం నుంచే.

గడ్డతో పాటు గీత మారుతుంది

ఒకే ఈసీజీ ఎందుకు సరిపోదో తెలియాలంటే రక్తనాళంలో జరిగేది తెలియాలి. నాళం గోడలోని కొవ్వు పొర చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒక్కసారిగా నాళాన్ని మూసేయవచ్చు. చాలాసార్లు అలా కాదు. కాసేపు మూసుకుంటుంది, కాసేపు కొంత తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. నొప్పి వచ్చి పోయి వస్తుండటానికి ఇదొక కారణం. నాళం తెరుచుకుని ఉన్న నిమిషంలో ఈసీజీ తీస్తే కాగితం మీద ఏమీ లేకపోవచ్చు. పది నిమిషాలాగి తీస్తే ఎస్‌టీ లేచి కనబడవచ్చు.

నాళం పూర్తిగా మూసుకున్నా ఈసీజీ ఒక్కసారిగా పాఠ్యపుస్తకంలోని బొమ్మలా మారదు. ముందు ఎస్‌టీ తర్వాత వచ్చే టీ తరంగం లావెక్కి ఎత్తు పెరుగుతుంది. ఆ తర్వాత ఎస్‌టీ భాగం పైకి లేస్తుంది. గంటలు గడిచేకొద్దీ క్యూ తరంగం ఏర్పడుతుంది, టీ తలకిందులవుతుంది. మొదటి దశలోనే రోగి వచ్చాడంటే, కొద్దిగా లావైన టీ తరంగం ఒక్కటే కనిపిస్తుంది. అది అతనికి ఎప్పుడూ ఉండేదేనా, ఇప్పుడే వచ్చిందా అనేది ఆ ఒక్క కాగితం చెప్పలేదు.

గోదావరి వరద రోజుల్లో భద్రాచలం దగ్గర నీటిమట్టాన్ని గంట గంటకూ ప్రకటిస్తారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏదో ఒక గంటకు 41 అడుగులు ఉందన్న మాట ఒక్కటీ వింటే ముంపు మండలాల వాళ్లకు ఏమీ తెలియదు. రెండు గంటల కిందట 37 ఉండి ఇప్పుడు 41 అయితే సామాన్లు సర్దుకోవాలి. 46 నుంచి దిగి 41 అయితే కుదుటపడవచ్చు. ఈసీజీలోని ఒకటి రెండు మిల్లీమీటర్లనూ అలాగే చదవాలి. ముందు ఎంత ఉంది, తర్వాత ఎటు పోతోంది అన్న రెండూ తెలిస్తేనే ఆ కొలతకు అర్థం.

ఆలస్యానికి గుండె కండరం ఎంత మూల్యం చెల్లిస్తుందో రైమర్, జెన్నింగ్స్ 1977లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. నాళాన్ని 40 నిమిషాలు మూసి తెరిస్తే, ప్రమాదంలో పడిన కండరంలో 38 శాతం చచ్చిపోయింది. ఆరు గంటల తర్వాత తెరిస్తే 71 శాతం. కండరం లోపలి పొర నుంచి బయటి పొర వైపు అలలా చచ్చిపోతూ వెళుతుంది. మనుషుల్లో సరిగ్గా ఇవే అంకెలు రాకపోవచ్చు గానీ క్రమం ఇదే.

అధ్యయనాల సాక్ష్యం

వరుస ఈసీజీల లాభాన్ని నేరుగా కొలిచిన పనుల్లో ఫ్రాన్సిస్ ఫెస్మైర్ అధ్యయనం పేరెన్నికగన్నది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఛాతీ నొప్పితో వచ్చిన 1,000 మందికి కనీసం 20 నిమిషాలకోసారి యంత్రం తనంత తానే ఈసీజీ తీసేలా అమర్చారు. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి ఈసీజీ ఒక్కటే గుండెపోటుల్లో 55 శాతాన్ని పట్టుకుంది. వరుస ఈసీజీలు 68 శాతాన్ని పట్టుకున్నాయి. అదే సమయంలో గుండెపోటు లేనివారిని ఉన్నట్టు పొరబడటం పెరగలేదు, కొంత తగ్గింది కూడా. రోగిని మళ్లీ సూదితో గుచ్చకుండా, పక్కగదికైనా తరలించకుండా దక్కిన లాభం ఇది.

రైలీ బృందం 2013లో ఇంకో వైపునుంచి చూసింది. అమెరికాలో ఎస్‌టీ పెరిగిన గుండెపోటుగా నిర్ధారణ అయిన 41,560 మంది వివరాలు తీసుకుంటే, వారిలో 11 శాతం మందికి మొదటి ఈసీజీలో ఆ లక్షణమే లేదు. తర్వాత తీసిన ఈసీజీలోనే బయటపడింది. ఆ 11 శాతంలో దాదాపు 72 శాతం మందికి మొదటి గంటన్నరలోపే మార్పు కనిపించింది. ఎంతసేపు వరుసగా తీయాలన్న ప్రశ్నకు ఇది మంచి సూచన. మొదటి గంటన్నర అన్నిటికంటే ఫలవంతమైన సమయం.

ఆసుపత్రికి చేరకముందే ఈ పని మొదలుపెట్టవచ్చునని కెనడాలోని టొరంటో అంబులెన్సుల అనుభవం చెబుతోంది. అక్కడ ఎస్‌టీ పెరిగిన గుండెపోటుగా గుర్తించిన 325 మందిలో 84.6 శాతం మంది మొదటి ఈసీజీలో దొరికారు. మిగతావారు రెండో, మూడో ఈసీజీలో బయటపడ్డారు. ఒక్కసారి తీసి ఆపేసి ఉంటే ప్రతి ఏడుగురిలో ఒకరు జారిపోయేవారు.

జారిపోతే ఏమవుతుందో పోప్ బృందం 2000లో చూపించింది. అమెరికాలోని పది ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చిన 10,689 మందిలో 889 మందికి గుండెపోటు ఉంది. వారిలో 19 మందిని, అంటే 2.1 శాతాన్ని, పొరపాటున ఇంటికి పంపేశారు. ఇలా పంపేయడం 55 ఏళ్లలోపు స్త్రీల విషయంలో, ఈసీజీ మామూలుగానో అస్పష్టంగానో ఉన్నవారి విషయంలో ఎక్కువగా జరిగింది.

ఇవన్నీ రోగులను గమనిస్తూ చేసిన అధ్యయనాలు. చీట్లు వేసి కొందరికి వరుస ఈసీజీలు తీసి, కొందరికి మానేసిన పరీక్షలు కావు. కాబట్టి ఇన్ని ప్రాణాలు దక్కాయని వీటినుంచి లెక్క కట్టలేం. కానీ వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో చేసినా అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

ఎప్పుడు తీయాలి, ఎలా చూడాలి

అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు ఛాతీ నొప్పితో వచ్చిన రోగికి పది నిమిషాల్లోపు మొదటి ఈసీజీ తీసి చదవాలంటాయి. దాంట్లో ఏమీ తేలక, లక్షణాలు తగ్గకపోతే మొదటి గంటలో 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలని 2014లోనే చెప్పాయి. అనుమానం బలంగా ఉన్నప్పుడు, నొప్పి ఆగనప్పుడు, రోగి పరిస్థితి దిగజారుతున్నప్పుడు వరుస ఈసీజీలు తప్పనిసరని 2021 మార్గదర్శకాలు మరోసారి నొక్కి చెప్పాయి.

గడియారం ఎంత ముఖ్యమో నొప్పీ అంతే ముఖ్యం. నొప్పి పెరిగిన క్షణంలో ఒకటి తీయాలి, తగ్గాక ఇంకొకటి తీయాలి. నొప్పి తగ్గాక తీసేదాని విలువను హైన్ వెలెన్స్ బృందం 1982లో చూపించింది. నొప్పి లేని సమయంలో ఛాతీ ముందు లీడ్లలో టీ తరంగం ఒక ప్రత్యేకమైన తీరులో తలకిందులైతే, గుండె ముందుభాగానికి రక్తం ఇచ్చే ప్రధాన నాళం ప్రమాదకరంగా సన్నబడి ఉందని అర్థం. ఆ గుర్తు ఉండి కూడా శస్త్రచికిత్స జరగని 16 మందిలో 12 మందికి కొద్ది వారాల్లోనే పెద్ద గుండెపోటు వచ్చింది. నొప్పి తగ్గింది కదా అని ఈసీజీ మానేస్తే ఈ హెచ్చరిక అందదు.

పన్నెండు లీడ్లకు కనిపించని చోటు ఒకటుంది. గుండె వెనుకగోడకు వచ్చే పోటులో ముందు లీడ్లలో ఎస్‌టీ కిందికి దిగి మాత్రమే కనబడవచ్చు. అప్పుడు ఎడమ వీపు మీద వీ7 నుంచి వీ9 వరకు లీడ్లు పెట్టి చూడాలి. కింది గోడకు పోటు వచ్చినప్పుడు కుడి ఛాతీ మీద లీడ్ పెట్టి కుడి జఠరిక సంగతి చూడాలి. మళ్లీ తీయడమంటే అవసరమైనచోట లీడ్ మార్చి తీయడం కూడా.

వరుస ఈసీజీల విలువంతా పోలికలో ఉంది. అందుకని పోల్చేవి పోల్చదగినట్టు ఉండాలి. ఛాతీ మీద లీడ్లు ఒక పక్కటెముక పైకో కిందికో జరిగితే గీతల ఆకారం మారిపోతుంది. మొదటిసారి పడుకోబెట్టి, రెండోసారి కూర్చోబెట్టి తీసినా తేడా వస్తుంది. లీడ్లు పెట్టిన చోట చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టుకోవడం, ప్రతి కాగితం మీద తేదీ, గంట, నిమిషం, అప్పుడు నొప్పి ఉందా లేదా అన్నది రాయడం ఖర్చులేని పనులు. ఆ నాలుగు మాటలు లేకపోతే మంచంమీది కాగితాల్లో ఏది ముందుదో, ఏది తర్వాతదో కూడా తెలియదు.

ట్రోపోనిన్ ఉండగా ఇది ఎందుకు?

ఇప్పుడు రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష ఉంది. అతి సూక్ష్మమైన పరిమాణాలను పట్టే కొత్త పరీక్షలతో గంట, రెండు గంటల తేడాతో రెండుసార్లు చూసి గుండెపోటు ఉందో లేదో చెప్పే పద్ధతులు యూరప్‌లో స్థిరపడ్డాయి. మరి ఈసీజీ మళ్లీ మళ్లీ ఎందుకు?

ట్రోపోనిన్ కండరం దెబ్బతిన్నాక రక్తంలోకి వచ్చే పదార్థం. నాళం ఇప్పుడే మూసుకుంటున్నవారికి మొదటి పరీక్షలో అది మామూలుగా ఉండొచ్చు. పెరిగినా, దెబ్బ తగిలిందన్నంతవరకే చెబుతుంది. నాళం ఈ నిమిషంలో పూర్తిగా మూసుకుని ఉందా, నాళం తెరిచే క్యాథ్ ల్యాబ్‌కు వెంటనే తీసుకెళ్లాలా అన్నది చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగేది ఈసీజీ. దెబ్బ తగిలిందా అన్నదానికి ట్రోపోనిన్, దెబ్బ ఇంకా తగులుతోందా అన్నదానికి ఈసీజీ జవాబిస్తాయి. రెండూ కావాలి. ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూసే గంటలో రోగి పక్కన ఈసీజీ యంత్రం ఊరికే ఉండకూడదు.

మిల్లీమీటర్ల మీద వివాదం

ఎస్‌టీ ఎంత లేస్తే గుండెపోటు? 2018 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం పక్కపక్క రెండు లీడ్లలో ఒక మిల్లీమీటరు. వీ2, వీ3 లీడ్లలో మాత్రం 40 ఏళ్లు దాటిన మగవారికి 2, అంతకన్నా చిన్నవారికి 2.5, స్త్రీలకు 1.5 మిల్లీమీటర్లు. ఈ కొలత దాటితే వెంటనే నాళం తెరుస్తారు. దాటకపోతే చాలాసార్లు మర్నాటిదాకా ఆగుతారు.

ఈ గీత గీసిన చోటు సరైనదేనా అన్నది నేడు హృద్రోగ వైద్యంలో వేడిగా నడుస్తున్న చర్చ. ఖాన్ బృందం 2017లో 40,777 మంది వివరాలు కలిపి చూస్తే, ఎస్‌టీ పెరగని గుండెపోటుగా వర్గీకరించినవారిలో నాలుగో వంతు మందికి యాంజియోగ్రామ్‌లో నాళం పూర్తిగా మూసుకుని కనిపించింది. టర్కీలో అస్లాంజర్ బృందం 2020లో ఈసీజీలను మరింత శ్రద్ధగా తిరిగి చదివితే, అలా వర్గీకరించినవారిలో 28 శాతం మందిని నాళం మూసుకున్న గుండెపోటుగా గుర్తించవచ్చునని తేల్చింది. 2008లో నెదర్లాండ్స్‌కు చెందిన డి వింటర్ బృందం వర్ణించిన ఆకారంలోనైతే ఛాతీ లీడ్లలో ఎస్‌టీ లేవదు. కిందినుంచి పైకి ఎక్కుతూ పొడవాటి టీ తరంగంలో కలుస్తుంది. అయినా ప్రధాన నాళం మూసుకునే ఉంటుంది. అమెరికా వైద్యులు స్టీఫెన్ స్మిత్, పెండెల్ మేయర్స్ వంటివారు మిల్లీమీటర్లను పక్కనపెట్టి నాళం మూసుకుందా లేదా అన్నదే ప్రశ్నగా పెట్టుకోవాలంటున్నారు. కృత్రిమ మేధతో ఈసీజీని చదివించే ప్రయత్నాలూ ఈ దారిలోనే సాగుతున్నాయి. హెర్మన్ బృందం తయారుచేసిన నమూనా మూసుకున్న నాళాల్లో 80 శాతాన్ని పట్టుకుంటే, పాత కొలతలు దాదాపు మూడో వంతునే పట్టుకున్నాయి.

ఈ చర్చ ఎటు తేలినా వరుస ఈసీజీల విలువ తగ్గదు. సూక్ష్మమైన ఆకారాలను ఒక్క కాగితంలో గుర్తుపట్టడానికి ఏళ్ల అనుభవం కావాలి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి “ఇది అరగంటలో మారింది” అని గుర్తుపట్టడం మండల ఆసుపత్రిలోని యువ వైద్యుడికైనా, శిక్షణ ఉన్న నర్సుకైనా సాధ్యమే. నిపుణులు లేనిచోటే ఈ పద్ధతి ఎక్కువగా ఆదుకుంటుందని నా గట్టి నమ్మకం.

హద్దులూ ఉన్నాయి

ప్రతి ఛాతీ నొప్పికీ గంటకు నాలుగు ఈసీజీలు తీయాలని కాదు. అనుమానం చాలా తక్కువగా ఉన్నవారిలో వరుసగా తీస్తే దొరికేది తక్కువ, లీడ్లు కదిలి వచ్చే తప్పుడు మార్పులు ఎక్కువ. ఎన్నిసార్లు తీసినా ఏమీ చూపించని గుండెపోటులూ ఉంటాయి. గుండెను పక్కనుంచి చుట్టి వెళ్లే నాళం మూసుకున్నప్పుడు ఇలా జరగడం ఎక్కువ. ఫెస్మైర్ అధ్యయనంలోనే వరుస ఈసీజీలు మూడో వంతు గుండెపోటులను పట్టుకోలేదు. కాబట్టి మూడు ఈసీజీలు మామూలుగా ఉన్నా, నొప్పి తీరు అనుమానంగా ఉంటే రోగిని పంపేయకూడదు.

మరోవైపు, మారకపోవడం కూడా ఒక సమాచారమే. కొందరు ఆరోగ్యవంతులైన యువకుల్లో ఎస్‌టీ సహజంగానే కాస్త లేచి ఉంటుంది. చాలాకాలంగా రక్తపోటుతో గుండె గోడ మందమైనవారిలోనూ అలా కనబడుతుంది. గంటసేపట్లో అది కదలకపోతే, పాత ఈసీజీలోనూ అలాగే ఉంటే, గడ్డ కరిగించే మందు ఇవ్వాలన్న తొందర తగ్గుతుంది. ఆ మందు వల్ల నూటికి ఒకరి వరకు మెదడులో రక్తస్రావం కావచ్చు. అవసరం లేనివారికి ఇవ్వకుండా ఆపడమూ వైద్యమే.

మన దగ్గర

భారతదేశంలో గుండెపోటు రోగులపై 2008లో వెలువడిన క్రియేట్ రిజిస్ట్రీలో 20,937 మంది ఉన్నారు. నొప్పి మొదలైన తర్వాత ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మూడో వంతుకు దగ్గరగా, అంటే 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. ఇది నగరాల జబ్బు అన్న భ్రమ అప్పుడే పోవాల్సింది.

ఆ తర్వాత మార్పు వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు ఊళ్లోకే అంబులెన్సును తెచ్చింది. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను క్యాథ్ ల్యాబ్ ఉన్న పెద్దాసుపత్రితో జోడించిన కార్యక్రమం గుండెపోటు రోగుల్లో ఏడాదిలోపు మరణాలను 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గించిందని 2017లో ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా అదే బాటలో ‘స్టెమీ’ (ఎస్‌టీ పెరిగిన గుండెపోటు) కార్యక్రమాలు వచ్చాయి. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని కార్డియాలజిస్టుకు పంపి, ఆయన సలహాతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు.

ఇంత ఏర్పాటు జరిగాక, మొత్తం గొలుసు మొదటి ఈసీజీ మీదే ఆధారపడటం బాధ కలిగించే విషయం. ఆ ఈసీజీ మామూలుగా ఉంటే కార్డియాలజిస్టు దాకా కబురే వెళ్లదు. ‘మామూలుగా ఉంది, నొప్పి ఉంది, ఇరవై నిమిషాల్లో మళ్లీ తీస్తాం’ అన్న వరుసను ఈ కార్యక్రమాల నియమాల్లోనే చేర్చాలి. యంత్రాలు ఉన్నాయి, కాగితం ఉంది, పంపడానికి ఫోన్ ఉంది. కావలసినది రెండో ఈసీజీ తీయడం నర్సు బాధ్యతే అని రాతపూర్వకంగా ఇచ్చే అధికారం, తీసినవాటిని పక్కపక్కన పెట్టి చదివే శిక్షణ.

అంబులెన్సులో తీసిన ఈసీజీని పారేయకపోవడమూ అంతే అవసరం. నాళం కొద్దిసేపు తెరుచుకుంటే ఆసుపత్రి చేరేసరికి ఎస్‌టీ కిందికి దిగిపోవచ్చు. అప్పుడు గుండెపోటుకు ఉన్న ఏకైక సాక్ష్యం దారిలో తీసిన ఆ కాగితమే. ఇంట్లోవాళ్లు కూడా ఒక పని చేయవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీయించుకున్న ఈసీజీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి. థర్మల్ కాగితం మీది గీతలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి, లామినేషన్ చేయిస్తే వేడికి కాగితమే నల్లబడుతుంది. ఆ పాత గీత వైద్యుడి చేతిలో ఉంటే వరుసలో మొదటి ఈసీజీ అప్పటికే తీసినట్టు.

ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్న మనిషిని ఒక్క ఈసీజీతో గ్యాస్ అని పంపేసే వైద్యం ఇకనైనా ఆగాలి. స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో ఈ లక్షణాలు ఇంత స్పష్టంగా ఉండవు. వాళ్ల విషయంలో మరింత ఓపిక కావాలి. “డాక్టరు గారూ, నొప్పి ఇంకా తగ్గలేదు, ఇంకోసారి ఈసీజీ తీస్తారా?” అని అడిగే హక్కు రోగి బంధువులకు ఉంది. అడగకముందే తీసే బాధ్యత ఆసుపత్రిది.